మా ఇంటి చుట్టం

3వ రోజు

ఇల్లు ఇచ్చారు, తాళం ఇచ్చారు, గుమ్మం పక్కన గోడకు బిగించిన పెట్టె కూడా ఇచ్చారు. బీరువాలో సగం ఉంటుంది. దాని నెత్తిన ఒక ఎర్ర దీపం. సామాను దింపుకున్నప్పటినుంచీ ఆ దీపం కొత్త కోడల్ని చూసినట్టు నన్నే చూస్తోంది.

వరద సంసిద్ధత శాఖ నుంచి ఒక అమ్మాయి వచ్చి చెప్పింది. తలకు ఏడు రోజుల నీళ్లు, ఏడు రోజుల తిండి, ఒక మందుల పొట్లం, ఒక లాంతరు, ముద్ర ఉన్న తేలుడు చొక్కా ఒకటి. అన్నీ పెట్టెలో చేరితే దీపం ఆకుపచ్చ అవుతుంది. తొంభయ్యో రోజుకీ ఎర్రగానే ఉంటే వరదొస్తే మనుషుల్ని ఎక్కించుకునే పడవ దారిలోంచి ఈ ఇంటి పేరు కొట్టేస్తారు.

"పడవ నడిపే ఆయన్ని బతిమాలుకుంటాంలెండి," అన్నారు మా ఆయన.

"పడవలో మనిషి ఉండడండి," అంది ఆ అమ్మాయి. జాలిగా కూడా కాదు, గోడకు ఏ రంగు వేశారో చెప్పినట్టు చెప్పింది.

మేం నలుగురం. నేను, నూకరత్నం. మా ఆయన సూరిబాబు, పదకొండో గట్టు మీద ఇసుక బస్తాలు పేర్చే పని. మా జలజ, తొమ్మిదేళ్లది. ఇక మా ఆయన అక్క మంగతాయారు, నాకు వదిన. మొగుడు ఎటో వెళ్లిపోయి పదిహేనేళ్లయినా రూపాయంత బొట్టు పెట్టుకుని, ఇద్దరు మనుషుల చోటు ఆక్రమించుకుని, ఇల్లు అదిరేలా గురక పెడుతుంది. మా ఊరు సముద్రంలో కలవకముందు రెండొందలమంది పిల్లల హాస్టల్లో వంట చేసేది. ఇప్పటికీ నలుగురికి వండమంటే గుండిగ కోసం వెతుక్కుంటుంది.

నలుగురి మెడల్లోనూ నల్లదారానికి తలా ఒక బిళ్ల కట్టారు. పెట్టె మనుషుల్ని ఆ బిళ్లల్ని బట్టే లెక్కేసుకుంటుంది. పొద్దున లేవగానే, "నలుగురు మనుషులు. నీళ్లు లేవు. తిండి లేదు," అని వీధంతా వినపడేలా చదువుతుంది. దానికి రోజూ నేను చెప్పాల్సిన చిట్టా వేరే ఉంది, అది శాఖవాళ్లు వింటారు. ఇది మాత్రం జలజ పాత నోటుపుస్తకంలో మిగిలిన కాగితాల మీద నాకోసం నేను రాసుకుంటున్నది. ఇందులో అబద్ధాలు రాయాల్సిన పని లేదు.

9వ రోజు

అంగట్లో ఈ పెట్టెకు సరిపోయే సరుకంతా ఒకే సంచిలో కట్టి అమ్ముతున్నారు. ధర విని నేను చెంపలు వేసుకున్నాను. వదిన మాత్రం పకపకా నవ్వింది.

"దీనికి డబ్బులెందుకే రత్తం? వారానికో వత్తువు దాసుకుంటే మూణ్ణెల్లకి పెట్టె దానంతటదే నిండుద్ది. రెండొందలమందికి వానాకాలం సరుకు సర్దినదాన్ని, నలుగురికి సర్దలేనా?"

అప్పటినుంచి ఇల్లు ఇల్లులా లేదు. కాలనీలో ఎవరు సీసా పారేసినా వదిన చేతిలోకే వస్తుంది. వేన్నీళ్లతో కడిగి, నీళ్లు నింపి, మేడమీద ఎర్రటి ఎండలో పడుకోబెట్టి, సాయంత్రానికి మూతల చుట్టూ మైనం పూస్తుంది. పూటపూటకీ ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి పక్కన పెడుతుంది. అవి వారానికోసారి వేయించి, విసిరి, బెల్లం కలిపి డబ్బాకెత్తుతుంది. కందిపప్పులో ఎండుమిరపకాయలు, బియ్యంలో వేపాకు. పురుగు పడదట. ఆ పిడికెడు తగ్గేది తన కంచంలోనే. నేను చూశాను, చూసి ఊరుకున్నాను. ఆవిడ ఒళ్లు కాస్త తగ్గినా మంచిదే.

కొలిచేటప్పుడు వదిన ఒకటి అనదు. "లాభం, రెండు, మూడు," అంటుంది. జలజ ఎందుకని అడిగింది.

"ధాన్యం కొలిసేటప్పుడు మొదటి కుంచాన్ని లాభం అనే అనాలే. ఒకటంటే ఒంటరిదైపోదూ?"

ఇప్పుడు జలజ మెట్లు ఎక్కినా లాభం రెండు, జడ పాయలు తీసినా లాభం రెండు. మేనత్త పిచ్చి మేనకోడలికి అంటుకుంది.

33వ రోజు

నెలనెలా మొదటి సోమవారం పొద్దున పదింటికి పరీక్ష కూత వేస్తారు. గట్టు మీది బూర కుయ్యోమంటుంది, దాంతోపాటు అందరి మెడల్లో బిళ్లలూ జుమ్మని మోగుతాయి. మోగితే పడవ మనల్ని గుర్తు పడుతుందని అర్థం. ఇవాళే మొదటిసారి విన్నాం. వదినకు చక్కిలిగింత పుట్టి పైట నోట్లో కుక్కుకుంది.

"నా మెళ్లో తుమ్మెద దూరిందే!"

నీళ్లు సగం, తిండి సగం అయ్యాయి. తేలుడు చొక్కాలు మాత్రం మూడే ఉన్నాయి. ఊరు మునిగాక మేం తలదాచుకున్న శిబిరంలో రెండు ఇచ్చారు, మా ఆయనకు పనిలో ఒకటి ఇచ్చారు. నాలుగోది కొనాలంటే ఆయన రెండు నెలలు పస్తుండి పనిచేయాలి. వదిన దీనికి కూడా ఉపాయం పన్నింది. పాత లంగా చించి, అరలు అరలుగా కుట్టి, అరకొక ఖాళీ సీసా బిగించింది. అది వేసుకుని గుమ్మం ముందు పెళ్లికూతురిలా తిరిగి చూపించింది. మేడమీద నీళ్ల తొట్టిలో జలజను ఆ చొక్కాతో దింపితే పిల్ల మునగలేదు, బెండులా తేలింది.

పెట్టెలో పెడితే, "ముద్ర లేదు. చెల్లదు," అంది పెట్టె.

"నీ మొహం," అంది వదిన దాన్ని. "నువ్వెప్పుడైనా నీళ్లలో దిగేవా?"

52వ రోజు

పక్కింటి వరహాలమ్మగారు ఇవాళ పిలిచి కాఫీ ఇచ్చింది. వాళ్ల వరండాకూ మా వరండాకూ మధ్య చెక్క వంతెన. కాలనీలో ఇళ్లన్నీ స్తంభాల మీదే కాబట్టి ఇరుగుపొరుగంటే చెక్క దాటి వెళ్లడమే. వాళ్ల దీపం ఆకుపచ్చగా వెలుగుతోంది. నాకు కడుపు మండింది.

"మీరెంతమందమ్మా?" అని అడిగింది.

"నలుగురం పిన్నిగారూ."

"నలుగురూ లెక్కలోనే ఉన్నారా? సుట్టం లేకుండానా?"

అర్థం కాలేదన్నాను. ఆవిడ గడపలో కుర్చీలో కూర్చుని గోరుచిక్కుళ్లు వలుస్తున్న ముసలాయన్ని గడ్డంతో చూపించింది. ఆవిడ మామగారు.

"ఆయన మా సుట్టం. తింటారు, తొంగుంటారు, మా ఇంటి మనిషే. పెట్టె దగ్గర మాత్రం సుట్టమే. పెట్టె నింపడం మొదలెట్టే ముందు తలలు సూసుకోవాలమ్మా. ఒక తల తగ్గితే ఎంత సరుకు తగ్గుద్దో లెక్కేసుకో. ఈ వీధిలో ఆకుపచ్చ దీపాలన్నీ అలా ఎలిగినియ్యే."

"మరి పడవ వస్తే?"

"పదేళ్లలో ఎన్నిసార్లొచ్చిందేంటి?"

ముసలాయన చెవిటివాడేమో, నా వైపు చూసి నవ్వాడు. నేను కాఫీ సగంలో వదిలేసి వచ్చేశాను. ఛీ, అదేం మాట అనుకున్నాను. రాసుకోవాలి కాబట్టి రాస్తున్నాను, ఛీ అనుకున్న మాట నిజం.

77వ రోజు

నీళ్లు నిండాయి. తిండి నిండింది. మందులు, లాంతర్లు అయ్యాయి. లాంతర్లకు వదిన పచ్చడి సీసాలు, వత్తులు వాడింది, పెట్టె ఒప్పుకుంది. మిగిలింది ఒక చొక్కా. పొద్దున పెట్టె, "నలుగురు మనుషులు. చొక్కాలు మూడు. గడువు పదమూడు రోజులు," అని చదివితే కాలనీ అంతా వింది. మా ఆయన మేస్త్రీని అప్పు అడిగితే లేదన్నాడట. నా మెడలో గొలుసు శిబిరంలోనే పోయింది. ఇంక అమ్మడానికి మేమే మిగిలాం.

నేను వరహాలమ్మగారి మాట మా ఆయనకు చెప్పాను. ఆయన చాలాసేపు కాలి బొటనవేలు చూసుకున్నారు.

"నీ ఇష్టం," అన్నారు.

నీ ఇష్టం అనే మాట మొగవాళ్లకు ఎంత హాయైన మాటో! పాపం మనది, నిద్ర వాళ్లది.

86వ రోజు

ఒక మనిషిని లెక్కలోంచి తీసెయ్యాలంటే పెట్టె రెండు వేలిముద్రలు అడుగుతుంది. ఇద్దరూ పద్దెనిమిదేళ్లు నిండిన ఇంటిమనుషులై ఉండాలి. తీసేసే మనిషి వేలు అక్కర్లేదు. ఎంత సదుపాయమో చూడండి.

వదిన, జలజ మేడమీద వడియాలు పెడుతున్నారు. కింద నేను పెట్టె ముందు నిలబడి నా వేలు పెట్టాను. మా ఆయన దొడ్డివైపు వెళ్లి చేతులు కడుక్కుని, లుంగీకి తుడుచుకుని వచ్చి మరీ పెట్టారు. అన్నం తినే ముందు కూడా అంత శుభ్రంగా కడుక్కోరు. తల ఎత్తేసరికి మెట్ల మీద వదిన నిలబడి ఉంది, పిండి చేతుల్తో.

"ఏంటిరా తమ్ముడూ, భోజనానికి ఇంకా టైముందిగా?" అంది.

ఆ క్షణంలోనే దీపం ఎరుపు మారి ఆకుపచ్చ అయింది. వదిన కేక పెట్టింది. "ఒలమ్మో, పండిందే మన పెట్టె!" అని జలజను పిలిచి, బెల్లం ముక్క దాని నోట్లో, నా నోట్లో, మా ఆయన నోట్లో పెట్టింది. తరవాత అడిగింది.

"మరి నాలుగో సొక్కా?"

"మీ సీసాల చొక్కాకే ఒప్పుకుంది వదినా," అన్నాను. అంత తేలిగ్గా ఎలా వచ్చిందో నాకే తెలియదు. దీపం ఆకుపచ్చ అయ్యాక పెట్టె పొద్దున్నే లెక్క చదవదు, అదొక అదృష్టం.

వదిన మొహం చూడాలి. సాయంత్రంలోగా నాలుగు ఇళ్లు తిరిగి, సీసాల చొక్కా ఎలా కుట్టాలో ఆడవాళ్లందరికీ చెప్పి వచ్చింది. వాళ్లందరికీ సంగతి తెలుసు. ఒక్కరూ చెప్పలేదు. ఆకుపచ్చ దీపాల వీధి కదా, ఎవరి నోరు వాళ్లకు బరువు.

వానలు వెళ్లాక చొక్కా కొని వదినను మళ్లీ చేర్చేద్దామనుకున్నాం. ఇది కూడా నిజమే.

96వ రోజు

పరీక్ష కూత. బయట బూర, లోపల నా బిళ్ల, మా ఆయన బిళ్ల, జలజ బిళ్ల. వదిన తన బిళ్లను చెవి దగ్గర పెట్టుకుని నిలబడింది.

"నా తుమ్మెద పలకలేదేంటే రత్తం?"

"మీ మెడ దగ్గర కండ ఎక్కువ వదినా. లోపలే మోగి ఉంటుంది, మీకు తెలియలేదు."

మా ఆయన నవ్వారు. వదిన కూడా నవ్వింది. జలజ నవ్వలేదు. ఇవాళంతా నాకు తిన్నది ఒంటబట్టలేదు. అబద్ధం చెప్పినందుకు కాదు, నవ్వించినందుకు.

110వ రోజు

వదిన సర్దిన సరుకు నలుగురికి ఏడు రోజులకని సర్దినది. ముగ్గురికైతే తొమ్మిది రోజులు దాటి వస్తుంది. అది పది రోజులు అయితే పెట్టె మీద రెండో ఆకుపచ్చ దీపం వెలుగుతుందట, జోడుదీపం ఇళ్లకు రోజుకు రెండు గంటల కరెంటు ఎక్కువ ఇస్తారట. వరహాలమ్మగారు చెప్పింది. ఆవిడకు తెలియని లాభం ఉండదు. నేను నాలుగు సీసాల నీళ్లు, రెండు డబ్బాల పిండి చేర్చాను. పిండి వదినే విసిరింది. మధ్యాహ్నానికి రెండో దీపం వెలిగింది.

మిట్టమధ్యాహ్నం ఫ్యాను కింద పడుకోవడం ఎన్నేళ్లయిందో! జలజ గాలికి ఎగిరే కాగితాలు పట్టుకుంటూ చదువుకుంది. వదిన గడపలో కూర్చుని విసనకర్ర విసురుకుంది. లోపలికి రమ్మంటే, "ఒద్దులే, మీకు సాలదు," అంది.

124వ రోజు

ఇవాళ కూత వేళకు వదిన బిళ్ల చెవి దగ్గర పెట్టుకోలేదు. పప్పు రుబ్బుతూనే ఉంది. నేను హమ్మయ్య అనుకున్నాను.

ఈమధ్య వదిన బాగా మారింది. పొద్దున నాకంటే ముందే లేచి పక్కబట్టలు మడిచి మూల పెడుతుంది. తన కంచం, తన గ్లాసు కడిగి విడిగా బోర్లిస్తుంది. మంచినీళ్లు కావాలంటే, "కాసిన్ని తాగొచ్చామ్మా?" అని అడుగుతుంది. రెండు చీరలు సంచిలో సర్ది గుమ్మం దగ్గర కొక్కేనికి తగిలించింది. గురక కూడా తగ్గింది, గోడవైపు తిరిగి పడుకుంటోంది. నన్ను పేరుపెట్టి పిలవడం మానేసి "అమ్మా" అంటోంది. ఇన్నేళ్లకు ఆవిడకు పద్ధతి తెలిసిందని మా ఆయనతో అన్నాను. ఆయన చెప్పులు వేసుకుని పనికి వెళ్లిపోయారు.

139వ రోజు

గట్టు మీద రాత్రింబగళ్లు పని జరుగుతోందని మా ఆయనకు రెండింతల కూలి ఇచ్చారు. డబ్బు తెచ్చి నా ముందు పెట్టి, "చొక్కా కొనేద్దామా?" అన్నారు.

పెట్టెను అడిగాను. తీసేసిన మనిషిని మళ్లీ చేర్చాలంటే విచారణ నెల రోజులట. ఆ నెలా దీపం ఎర్రగానే ఉంటుందట. ఆ తరవాత కూడా జోడుదీపం ఉండదు. బయట వాన పట్టుకుంది. ఎర్ర దీపంతో ఈ వానాకాలం గడపాలా? జలజకు ఫ్యాను అలవాటైంది. నాకూ అలవాటైంది.

"వానలు వెళ్లాక చూద్దాం," అన్నాను.

"నీ ఇష్టం," అన్నారు.

డబ్బు తలగడ కింద పెట్టాను. చొక్కా కొనే డబ్బు చేతిలో ఉండి కొనలేదని ఇక్కడ రాసి ఉంచుతున్నాను. లేక కాదు.

147వ రోజు

పొద్దున పదకొండింటికి కూత. సోమవారం కాదు. ఒకసారి మొదలై ఇక ఆగలేదు.

పదకొండో గట్టు తెగింది. మా ఆయన పరిగెత్తుకుంటూ మెట్లెక్కేసరికి ఆయన వెనకే నీళ్లు మెట్లెక్కుతున్నాయి. బురదరంగు నీళ్లు, తొందరేమీ లేనట్టు ఒక్కో మెట్టూ మింగుకుంటూ వచ్చాయి. పెట్టె గోడ నుంచి తనంతట తనే విడిపోయి, చక్రాల మీద వరండాలోకి దొర్లింది. మేం చొక్కాలు తొడుక్కున్నాం. వదిన తన సీసాల చొక్కా తెచ్చి జలజకు దాని చొక్కా మీదే తొడిగి ముడులు బిగించింది.

"రెండెందుకత్తా?"

"ముద్దరున్నది పడవ కోసం. ఇది నీళ్ల కోసం."

పడవ వరండా అంచుకు వచ్చి ఆగింది. వరహాలమ్మగారు, ఆవిడ భర్త అప్పటికే అందులో ఉన్నారు. వాళ్ల వరండాలో ముసలాయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు, ఒడిలో గిన్నె. పెట్టె ముందు ఎక్కింది. జలజ ఎక్కింది, నేను ఎక్కాను, మా ఆయన ఎక్కారు. మూడుసార్లు బిళ్లలు మోగాయి.

"మీరూ రండి వదినా!" అని గట్టిగా పిలిచాను. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు వినాలని పిలిచాను. నాకు తెలుసు కదా ఏమవుతుందో. అయినా ఎక్కడో చిన్న ఆశ, యంత్రం కదా, పొరపాటు పడకపోతుందా అని.

వదిన ఎక్కలేదు. ఇంట్లోకి వెళ్లి కుంకుమభరిణ పట్టుకుని వచ్చింది. మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, పడవ అంచు మీదికి వంగి నా నుదుట బొట్టు పెట్టింది. వేలు చల్లగా ఉంది.

"సుట్టాలు ఎల్లేటప్పుడు బొట్టు పెట్టి పంపాలి కదమ్మా," అంది. "ఐదు నెలలు మా ఇంట్లో ఉన్నారు. ఏదైనా తక్కువ సేసుంటే మనసులో పెట్టుకోకండి."

మా ఆయన, "అక్కా..." అని చెయ్యి చాచారు. వదిన ఆ చేతి వంక చూసింది.

"కడుక్కున్నావా తమ్ముడూ?"

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. జలజ ఒక్కసారిగా ఏడుపు లంకించుకుని వదిన కొంగు పట్టుకుని లాగింది. వదినది ఒక కాలు పడవలో పడింది. "నమోదు కాని బరువు. పడవ కదలదు," అంది పడవ. నీళ్లు అంచు దాకా వచ్చాయి.

"సుట్టాన్ని దింపెయ్యండమ్మా! అందర్నీ సంపుతారా?" అని వరహాలమ్మగారు అరిచింది.

జలజ వేళ్లు ఒక్కొక్కటీ విప్పింది నేనే. ఐదు వేళ్లు. వదిన కాలు వెనక్కి తీసుకుంది.

మా ఆయన పెట్టెలోంచి ఒక సీసా నీళ్లయినా ఇద్దామని మూత పీకి చూశారు. "ప్రయాణంలో పెట్టె తెరవరాదు," అంది పెట్టె. వదిన ఎండలో పెట్టిన నీళ్లు, వదిన విసిరిన పిండి, అన్నీ మాతోనే కదిలాయి. మలుపు తిరిగే ముందు చూశాను. వదిన ఒక చేత్తో గ్లాసు పట్టుకుని, చెక్క వంతెన మీద అడుగులో అడుగు వేసుకుంటూ ముసలాయన దగ్గరికి వెళ్తోంది. పొద్దున మిగిలిన గంజి అయి ఉంటుంది.

156వ రోజు

శిబిరంలో ఉన్నాం. మధ్యాహ్నం మైకులో చెప్పారు. నీళ్లు తీశాయట. ఆకుపచ్చ దీపాల వీధి మొత్తం క్షేమమట, పదకొండో గట్టు కాలనీలో నమోదైన వాళ్లలో చనిపోయినవారు సున్నా అట. శిబిరమంతా చప్పట్లు కొట్టింది. వరహాలమ్మగారు కొట్టింది. మా ఆయన కొట్టలేదు, కానీ చేతులు ఒళ్లో కలిపి పెట్టుకున్నారు. నేను కొట్టాను. అందరూ చూస్తున్నారు, కొట్టకపోతే ఏమనుకుంటారు?

మా ఇల్లు చూసి రావడానికి వెళ్లిన మా ఆయన సాయంత్రం తిరిగి వచ్చారు. వరహాలమ్మగారి వరండాలో కుర్చీ పడి ఉందట. పక్కన మా గ్లాసు దొరికిందట. తెచ్చి నా ముందు పెట్టారు. ఇంకేమీ దొరకలేదా అని నేను అడగలేదు. దొరికినా లెక్కలోకి రాదు.

ఇన్నాళ్లూ లేనిది ఆ గ్లాసు చూసేసరికి ఏడుపొచ్చింది. నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను. నేనే చంపాను. ఇందులో అబద్ధం రాయాల్సిన పని లేదని మొదటి కాగితంలోనే రాసుకున్నాను కదా.

190వ రోజు

శిబిరంలో తెరిచిన పెట్టెలన్నిటిలో మా పెట్టే బాగుందట. ఒక్క గింజ పురుగు పట్టలేదు, ఒక్క సీసా నీరు వాసన రాలేదు. శాఖవాళ్లు ఫొటో తీసుకున్నారు. కొత్తగా ఇళ్లు వచ్చినవాళ్లకు తక్కువ ఖర్చుతో పెట్టె ఎలా నింపాలో చెప్పే పని నాకిచ్చారు. పొద్దున రెండు గంటలు. కూలి ఇస్తారు, ఫ్యాను ఉన్న గదిలో కూర్చోబెడతారు.

సీసాలు ఎండలో పెట్టమంటాను. పూటకు పిడికెడు తీసిపెట్టమంటాను. కందిపప్పులో మిరపకాయలు, బియ్యంలో వేపాకు. ఎవరు నేర్పారని అడిగితే, మా ఇంటికి ఒక చుట్టం వచ్చేది, ఆవిడ నేర్పింది అంటాను.

ఇవాళ పాఠం అయ్యాక ఒక పిల్ల ఉండిపోయింది. ఇరవై ఏళ్లుంటాయి, కొత్త కోడలు. కళ్లలో నీళ్లు.

"మేం ఆరుగురమండి. ఎంత దాచినా చాలట్లేదు. ఎక్కడ మొదలెట్టాలో తెలవట్లేదండి."

నాకు చెప్పాలని లేదు. దేవుడి మీద ఒట్టు, లేదు. ఆ పిల్ల అలా ఏడుస్తుంటే నాకు చిరాకేసింది, జాలీ వేసింది, రెండూ కలిసి నోట్లోంచి ఆ మాటే వచ్చేసింది.

"ఆరుగురిలో చుట్టం ఎవరమ్మా?"

గది మూల జలజ కూర్చుని ఉంది. శిబిరానికి వచ్చినప్పటినుంచి అది సీసాల చొక్కా విప్పలేదు. పడుకున్నా అదే, తిన్నా అదే. నాతో మాట్లాడి నలభై రోజులైంది. ఆ పిల్ల వెళ్లిపోయాక మొదటిసారి నోరు విప్పింది. వాళ్ల నాన్న కూడా అప్పుడే నాకు అన్నం తెచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"అమ్మా, ఒక మనిషిని తీసెయ్యాలంటే ఎన్ని వేళ్లు కావాలి?"

మాట్లాడింది కదా అనే సంతోషంలో గబుక్కున చెప్పేశాను. "రెండమ్మా. ఇద్దరివి."

"పిల్లలవి పనికొస్తాయా?"

"రావు. పద్దెనిమిదేళ్లు నిండాలి. నీకింకా తొమ్మిదేళ్లేగా."

జలజ చేతులు ఒళ్లో పెట్టుకుని, వాళ్ల అత్త కొలిచినట్టే వేళ్లు ముడుస్తూ లెక్కపెట్టింది. "లాభం, రెండు, మూడు..."

తొమ్మిది దగ్గర ఆగి, వాళ్ల నాన్న వైపు చూసింది. ఆయన అన్నం గిన్నె కింద పెట్టి, చేతులు కడుక్కోవడానికి వెళ్లారు.